ఒక్క పూటకు... మీ ఇల్లే అనుకోండి!

పడుకోవడానికి ఓ గది. పొద్దున్నే ఇంటి టిఫిను. ఊరి సంగతులు చెప్పడానికి ఓ పెద్దమనిషి. విదేశాల్లో దీన్ని ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అంటారు. మన కృష్ణా తీరంలో ఒకప్పుడు దీనికి వేరే పేర్లుండేవి. లాడ్జీలొచ్చాక మరుగున పడిన ఆ పద్ధతి ఇప్పుడు కొత్త పేరుతో మళ్లీ తలుపు తడుతోంది. తలుపు తీసేవాళ్లు ఇంట్లో ఉన్నారా అన్నదే ప్రశ్న!

విజయవాడ జంక్షన్‌లో రైలు ఆగిందంటే చాలు... బోగీల్లో సందడి మొదలవుతుంది. చెన్నై వెళ్లేవాళ్లు, హైదరాబాద్ వెళ్లేవాళ్లు, విశాఖ వెళ్లేవాళ్లు... అందరికీ దారి అదే. ప్లాట్‌ఫాం మీద దిగి ఇడ్లీ పొట్లం కొనుక్కుంటారు, సీసాలో నీళ్లు నింపుకుంటారు, బండి కూత వినగానే పరుగు పెడతారు. దుర్గమ్మ దర్శనానికి వచ్చినవాళ్లు కూడా కొండెక్కి, దిగి, సాయంత్రం బండికే వెళ్లిపోతారు. తెలుగువాళ్లలో బెజవాడ మీదుగా వెళ్లనివాళ్లు అరుదు. అక్కడ ఓ రాత్రి ఉండి, తెల్లారి ఆ ఊరు నిద్రలేవడం చూసిన యాత్రికులు మాత్రం తక్కువే.

ఉండాల్సి వస్తే? గాంధీనగర్‌లోనో గవర్నర్‌పేటలోనో ఓ లాడ్జి. తాళంచెవి, తువ్వాలు, టీవీ, పొద్దున్నే బిల్లు. సౌకర్యానికి లోటుండదు. కానీ ఆ గది బెజవాడలో ఉందా, బళ్లారిలో ఉందా అన్నది గోడలు చూసి చెప్పలేం. ఊరికి వచ్చినట్టే ఉంటుంది... ఊరు మాత్రం కిటికీ బయటే ఉండిపోతుంది.

అందుకే చారిత్రక నగరాలు చూడటానికి వెళ్లేవాళ్లు చాలా దేశాల్లో ఇళ్లను వెతుక్కుంటారు. ఓ కుటుంబం తమ ఇంట్లో ఒకటో రెండో గదులు అతిథులకు ఇస్తుంది. రాత్రికి పడక, పొద్దున్నే ఫలహారం. అంతే. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లు పల్లెపల్లెకూ కనిపిస్తాయి. 2007లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్లు ఇంటి అద్దె కట్టడానికి డబ్బు చాలక, హాల్లో మూడు గాలిపరుపులు వేసి, ఓ సదస్సుకు వచ్చినవాళ్లకు పడక, ఫలహారం ఇచ్చారు. నేడు ప్రపంచమంతా తెలిసిన ‘ఎయిర్‌బీఎన్‌బీ’ అలా పుట్టిందే. ఆ పేరులో ‘ఎయిర్’ అంటే విమానం కాదు, గాలిపరుపే!

మనకిది కొత్త వింతలా అనిపిస్తుంది. నిజానికి మన నాయనమ్మలకు ఇది బాగా తెలిసిన సంగతే.

పూటకూళ్లమ్మ ఇల్లు

‘పూటకూళ్ల ఇల్లు’... ఈ మాట వినగానే చాలామందికి గురజాడ ‘కన్యాశుల్కం’ గుర్తొస్తుంది. అందులో పూటకూళ్లమ్మ ఓ పాత్ర. కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు తీసుకుని, బయటివాళ్లకు ఇంట్లోనే అన్నం పెట్టేవాళ్లు పూటకూళ్లవాళ్లు. కచేరీ పని మీద వచ్చినవాళ్లూ, చదువుకునే కుర్రాళ్లూ, బదిలీ మీద వచ్చిన గుమస్తాలూ అక్కడే తినేవాళ్లు. ఈ ఇళ్లను ఎక్కువగా నడిపింది ఒంటరి ఆడవాళ్లు. భర్త పోయి, పుట్టింటివాళ్లు పట్టించుకోకపోతే, చేతిలో ఉన్న విద్య వంటే కదా! లోకం నాలుగు మాటలన్నా, ఆ నాలుగు పూటల అన్నమే వాళ్లను ఒకరి మీద ఆధారపడకుండా నిలబెట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే... సుమారు ఆరు వందల ఏళ్ల నాటి ‘క్రీడాభిరామం’ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఓ రోజంతా తిరుగుతూ చూసిన విశేషాలే ఆ కావ్యం. అందులో ఓ పూటకూళ్ల ఇంటి భోజనం వర్ణన వస్తుంది. ఘుమఘుమలాడే సన్నన్నం, గోధుమపిండి వంటకం, పప్పు, నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు రకాల ఊరగాయలు, చివర్లో పెరుగు. ధర ఒక్క రూక! చారిత్రక నగరం చూడటానికి వచ్చినవాడు హోటల్లో కాకుండా ఓ ఇంట్లో డబ్బిచ్చి తినడం... దాన్ని మెచ్చుకుంటూ నలుగురికీ చెప్పడం... ఇప్పుడు ఇంటర్నెట్‌లో రాసే ‘రివ్యూ’లకు ముత్తాతలాంటిది అన్నమాట!

అరుగు మీద అతిథి

అన్నం సరే... పడక మాటేమిటి? దానికి అరుగుంది.

కృష్ణా డెల్టా పల్లెల్లో పాత మండువా లోగిళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా, నాలుగువైపులా వాలే పెంకుల కప్పు. వీధివైపు ఇటూ అటూ రెండు అరుగులు. లోపలి గదులు ఇంటివాళ్లవి. అరుగు మాత్రం సగం ఇంటిది, సగం వీధిది. సాయంత్రం పేకాట, పంచాంగం, పంచాయతీ దాని మీదే. చీకటి పడ్డాక దారిన పోయే బాటసారి వచ్చి ‘ఈ రాత్రికి ఇక్కడ నడుం వాలుస్తానండీ’ అంటే, ఓ చాప, చెంబుడు మంచినీళ్లు దొరికేవి. చెప్పి వచ్చేవాడు చుట్టం, చెప్పకుండా వచ్చేవాడు అతిథి. తిథి చూసుకోకుండా వస్తాడు కాబట్టే ఆ పేరు.

ప్రయాణాలు ఎంత కష్టంగా ఉండేవో చెప్పడానికి ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ చాలు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పరివారంతో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ప్రతి మజిలీలోనూ సత్రం ఉందా, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని రాసిపెట్టారు. వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుందని! 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని యాత్రాచరిత్రగా చదువుతాం గానీ, అది బసల చిట్టా కూడా.

ఇంకో పద్ధతి ‘వారాలు’. పేద విద్యార్థి పట్నం వచ్చి, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో... ఇలా ఏడు ఇళ్లు కుదుర్చుకుని భోంచేసేవాడు. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి పెట్టాక, అదే నోబుల్ కాలేజీగా ఎదిగాక, బందరు చదువుల ఊరైంది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు అక్కడ హాస్టళ్లు లేవు. కొందరు చుట్టాలిళ్లలో, కొందరు గదుల్లో, మరికొందరు వారాల మీద గట్టెక్కారు. పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్లిన ఆ తరం వాళ్లు ‘ఫలానా వారి ఇంట్లో నాకు గురువారం’ అని ముసలితనంలోనూ తలుచుకునేవారు. తిన్న ఇంటిని వారం పేరుతో గుర్తుపెట్టుకోవడం... తెలుగువాళ్లకే చెల్లింది!

భిక్షువు, రాజు, వర్తకుడు

ఈ నేల మీద బస చేసినవాళ్ల జాబితా తీస్తే చరిత్ర పుస్తకమే అవుతుంది.

ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కృష్ణాతీరంలోని ధాన్యకటకం వచ్చాడు. అంటే ఇప్పటి అమరావతి ప్రాంతం. చూసి వెళ్లిపోలేదు. కొన్ని నెలలపాటు ఉన్నాడు. ఇక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం నేర్చుకున్నాడు, తనకు తెలిసిన మహాయాన గ్రంథాలు వాళ్లకు చెప్పాడు. అతిథి అంటే తీసుకుని పోయేవాడే కాదు, ఇచ్చి పోయేవాడు కూడా అని ఆ బస చెబుతుంది.

తర్వాత తొమ్మిది వందల ఏళ్లకు ఓ రాజు వచ్చాడు. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు బెజవాడలో కొన్నాళ్లు విడిది చేశాడు. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం వెళ్లి, ఆంధ్ర మహావిష్ణువును దర్శించి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’లో రాయలే చెప్పుకున్నాడు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదిది... కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని చిన్న ఊరు. ఒక్క రాత్రి బస తెలుగు సాహిత్యానికి ఓ మహాకావ్యాన్ని ఇచ్చిందన్నమాట!

మరో వందేళ్లకు సముద్రం దాటి వర్తకులొచ్చారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగారు. కలంకారీ వస్త్రాలు కొని, గాలి మళ్లేదాకా ఆగి, ఓడలెక్కేవాళ్లు. రుతుపవనాలు ఎప్పుడంటే అప్పుడు తీసుకెళ్లవు కదా! నెలల తరబడి ఉండాల్సిందే. తిరిగి వెళ్లకుండా ఇక్కడే కన్నుమూసినవాళ్ల సమాధులు బందరు డచ్చి శ్మశానంలో నేటికీ ఉన్నాయి.

కాలువ తెచ్చిన జనం... రైలు తెచ్చిన లాడ్జి

1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. పథకం కాటన్ దొరది, దగ్గరుండి కట్టించింది ఛార్లెస్ ఓర్. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే సాగాయి. అవి పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారులు కూడా. ఏలూరు కాలువలో ఎక్కితే గోదావరి జిల్లాలు, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్నం. పడవ మెల్లగా నడిచేది. లాకుల దగ్గర ఆగేది. ప్రయాణికుడు ఒడ్డున దిగి వండుకునేవాడు, లేదా ఊళ్లో పూటకూళ్ల ఇల్లు వెతుక్కునేవాడు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైలొచ్చింది. అన్ని దిక్కుల పట్టాలూ బెజవాడలో కలిశాయి. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఇక్కడ జరిగినప్పుడు దేశం నలుమూలల నుంచీ నాయకులు దిగారు. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. జనం పెరిగేకొద్దీ స్టేషన్ చుట్టూ సత్రాలు, భోజన హోటళ్లు, లాడ్జీలు లేచాయి. 1952లో పాత ఆనకట్ట తెగి, 1957కల్లా ప్రకాశం బ్యారేజి వచ్చింది. దాని మీదుగా రోడ్డూ పడింది. బస్సులొచ్చాయి. పొద్దున వచ్చినవాడు సాయంత్రానికి వెళ్లిపోగలిగాడు. అరుగు మీద పడుకోవాల్సిన అవసరమే పోయింది.

అరుగు అందరిదీ కాదు

పాత రోజుల్ని తలుచుకుంటే బాగానే ఉంటుంది. కానీ ఓ నిజం కూడా ఒప్పుకోవాలి. అరుగు ఎక్కేముందు బాటసారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎవరు మీరు?’. దానర్థం పేరు కాదు... కులం. పూటకూళ్ల ఇళ్లూ, వారాలూ, చాలా సత్రాలూ ఆ ప్రశ్న మీదే నడిచాయి. జవాబు నచ్చితే చాప, లేకపోతే చెట్టుకింద చోటు. ఆతిథ్యానికి పేరు పడ్డ వీధుల్లోనే దాహమేసి నీళ్లకు నిలబడ్డవాళ్లూ ఉన్నారు.

లాడ్జి ఆ ప్రశ్న అడగలేదు. రిజిస్టర్‌లో పేరు, ఊరు రాసి, డబ్బు కడితే గది. ముఖం లేని గదే కావచ్చు... కానీ ఎవరికైనా ఒకటే గది. ఇది చిన్న మార్పేం కాదు.

మరి ముఖమూ ఉండి, ఆ ప్రశ్న లేని ఇల్లు సాధ్యమా? సాధ్యమేనని కృష్ణా జిల్లాలోనే కొందరు చేసి చూపించారు. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. అన్ని కులాలవాళ్లూ ఒకే వరుసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు వాళ్ల ఉద్యమంలో పెద్ద భాగం. వాళ్ల భావాలతో ఏకీభవించినా లేకపోయినా, పక్కన కూర్చుని తినడమే అసలైన ఆతిథ్యమన్న పాఠం మాత్రం అందరికీ పనికొచ్చేదే.

ఇంటివాళ్లుంటేనే ఇల్లు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పేరుతో ఓ పథకం పెట్టింది. కనీసం ఒక గది, గరిష్ఠంగా ఆరు గదులు, 12 పడకలు. అంతకు మించితే అది ఇల్లు కాదు, హోటలే. శుభ్రత, సౌకర్యాలు చూసి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులిస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు... యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి!

కిటుకంతా ఆ షరతులోనే ఉంది. ఫోన్‌లో వెతికితే విజయవాడలోనూ ‘హోంస్టే’ పేరుతో గదులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల నిజంగానే ఇంటివాళ్లుంటారు. కొన్ని మాత్రం ఖాళీ ఫ్లాట్లు. తాళంచెవి వాచ్‌మన్ ఇస్తాడు, టిఫిను యాప్‌లో తెప్పించుకోవాలి. సౌకర్యంగానే ఉంటుంది. కానీ అది వంటగది ఉన్న లాడ్జి, అంతే.

ఇంటివాళ్లుంటే తేడా ఎక్కడ తెలుస్తుంది? పొద్దున్నే. ‘లేచారా బాబూ, కాఫీ కలపనా?’ అన్న పిలుపుతో మొదలవుతుంది. పెసరట్టు, అల్లం పచ్చడి. ఇంకో రోజు మూకుట్లో మందంగా కాల్చిన దిబ్బరొట్టె. ఎండాకాలమైతే నూజివీడు రసాలు, బందరు వెళ్లొచ్చినవాళ్లుంటే లడ్డు. ‘ఇంకొకటి వేసుకోమ్మా, ఎండన పడి తిరుగుతారు’ అనే బలవంతం ఏ మెనూ కార్డులోనూ ఉండదు. రెండో రోజుకల్లా ఆమె ‘పిన్నిగారు’ అయిపోతారు, ఆయన ‘బాబాయిగారు’ అవుతారు.

ఊరు చూపించేది కూడా వాళ్లే. ‘ఉండవల్లికి ఎండెక్కకముందే వెళ్లండి’ అంటారు. నది అవతల నాలుగంతస్తులుగా కొండను తొలిచిన గుహలవి. లోపల ఒకే రాతిలో చెక్కిన శయనమూర్తి. ‘తిరిగొచ్చేటప్పుడు బ్యారేజి మీద కాసేపు ఆగండి, గాలి బాగుంటుంది’ అంటారు. మొగల్రాజపురం గుహలు ఊరి మధ్యే ఉన్నాయనీ, బాపు మ్యూజియం ఒకప్పటి విక్టోరియా జూబిలీ మ్యూజియమనీ, కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతోనే ఎందుకు చేస్తారో అక్కడికెళ్లి అడగమనీ చెబుతారు. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తినకుండా వెళ్లొద్దనీ, కానీ మర్నాడు మాత్రం తమ ఇంట్లోనే తినాలనీ ఆంక్ష పెడతారు. గైడు చెప్పేది చరిత్ర. ఇంటాయన చెప్పేది ఊరు!

డెల్టాలో తాళం పడ్డ ఇళ్లు

అతిథికి లాభం సరే. ఇంటివాళ్లకేమిటి?

కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డ... ఈ దారిలో కాలువ గట్టు వెంట వెళ్తుంటే ఓ దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెద్ద ఇల్లు. ముందు అరుగులు. గేటుకు తాళం. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. పెద్దవాళ్లున్నంత కాలం పండక్కి వచ్చారు. వాళ్లు పోయాక ఏడాదికోసారి వచ్చి బూజు దులిపించారు. తర్వాత అదీ లేదు. పెంకు జారుతుంది, వాన దిగుతుంది, దూలం పుచ్చుతుంది. చివరికి దూలాలూ, ద్వారబంధాలూ పాత కలప దుకాణానికి చేరతాయి. స్థలం ప్లాట్లవుతుంది.

ఇల్లు పెద్దదై, మనుషులు ఇద్దరే మిగిలిన చోట రెండు గదులు అతిథులకిస్తే? పెంకు సర్దించడానికి డబ్బులొస్తాయి. పొద్దున్నే పొయ్యి వెలిగించడానికి ఓ కారణం ఉంటుంది. కూచిపూడిలో నాట్యం నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయికి, పెడనలో కలంకారీ అద్దకం చూడటానికి వచ్చేవాళ్లకు, ఘంటసాల బౌద్ధ అవశేషాల కోసం వచ్చే విద్యార్థికి, హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలనుకునే కుటుంబానికి... ఆ దారిలో రాత్రికి ఓ గది దొరుకుతుంది. లేదంటే చీకటి పడకముందే విజయవాడ చేరాలి. ఊళ్లో ఖర్చయ్యే రూపాయి కూడా వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. కేరళలోనూ, కర్ణాటకలోని కొడగులోనూ పాత ఇళ్లు చాలావరకు ఇలాగే నిలబడ్డాయి.

అయితే ఇది తేలిక అని ఎవరూ చెప్పకూడదు. దుప్పట్లు రోజూ ఉతకాలి. ముక్కూముఖం తెలియని మనిషిని ఇంట్లోకి రానివ్వాలి. డెబ్బయ్యేళ్ల మనిషికి తెల్లవారుజామున ఆరుగురికి టిఫిను చేయడం భారమే. పనిమనిషిని పెడితే వచ్చింది ఆమె జీతానికే సరిపోవచ్చు. లెక్క చూసుకుని దిగాలి. డబ్బు ఒక్కటే కావాలనుకుంటే ఫ్లాటు అద్దెకివ్వడమే సుఖం. ఇల్లు నిలవాలి, ఇంట్లో మాట వినపడాలి అనుకునేవాళ్లకే ఇది కుదురుతుంది.

బెజవాడకు అవసరం ఎప్పుడూ ఉంది. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలివచ్చినప్పుడు ఎందరో కుటుంబాలను అక్కడే వదిలి, ఇక్కడ గదులు పంచుకుని వారాంతంలో రైలెక్కారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తి సింగ్‌నగర్ నీళ్లలో చిక్కుకున్నప్పుడు, బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు, కింది ఇళ్లవాళ్లు పై అంతస్తులవాళ్ల దగ్గర, చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నారు. అప్పుడెవరూ అద్దె మాట ఎత్తలేదు. ఇల్లు తెరవడం ఈ ఊరికి చేతకాని పనేం కాదు.

గది ఇవ్వాలనుకుంటే...

* ముందు ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ముఖ్యంగా వంట చేసేవాళ్లు! ఒక్క గదితో మొదలుపెట్టడం మేలు.

* స్థానిక సంస్థ, పర్యాటక శాఖ అనుమతులు ముందే తీసుకోండి. అతిథుల గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసిపెట్టుకోండి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా ఆ సమాచారం ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి.

* వచ్చినవాళ్లు చూసేది మార్బుల్ కాదు... బాత్రూమ్. అది శుభ్రంగా ఉంటే సగం మార్కులు వచ్చినట్టే.

* మాంసాహారం వండుతారా లేదా, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు... ఇవన్నీ ముందే చెప్పండి. కులం, మతం మాత్రం అడగకండి. ఇల్లు తెరిచాక అది అందరికీ ఒకటే.

బసకు వెళ్తుంటే...

* ఇంటివాళ్లు అక్కడే ఉంటారా, టిఫిను ఇంట్లోనే చేస్తారా అని బుక్ చేసే ముందే అడగండి. అదొక్కటి తేలితే చాలు.

* వచ్చే వేళ ఫోన్ చేసి చెప్పండి. ఆలస్యమైతే వాళ్లు మీ కోసం మేలుకుని ఉంటారు. రిసెప్షన్ కౌంటర్ కాదు కదా!

* వాకిట్లోనే చెప్పులు విడవండి. పూజగదికి, వంటింటికి పిలవకుండా వెళ్లకండి.

* ఎండాకాలం మానుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా డెల్టా హాయిగా ఉంటుంది. దసరాకి అమ్మవారి ఉత్సవాలు చూడాలంటే బాగా ముందే గది చూసుకోవాలి.

రాబోయే పుష్కరాలకు...

పన్నెండేళ్లకోసారి కృష్ణకు పుష్కరాలొస్తాయి. 2004లో వచ్చాయి. 2016 ఆగస్టులో వచ్చాయి. మళ్లీ 2028లో. ఆ పన్నెండు రోజులూ బెజవాడ నుంచి హంసలదీవి దాకా తీరమంతా జనమే. హోటళ్లు చాలవు, సత్రాలు చాలవు. ఎప్పట్లాగే ఇళ్లే ఆదుకోవాలి. చుట్టాలు, చుట్టాల చుట్టాలు, వాళ్లతో వచ్చిన పక్కింటివాళ్లు... అందరికీ హాల్లో చాపలు పడతాయి.

అప్పటికి ఎన్ని అరుగులు మిగులుతాయో, ఎన్ని ఇళ్లలో పొద్దున్నే కాఫీ వాసన వస్తుందో ఏ ప్రభుత్వ పథకమూ చెప్పలేదు. అది ఇప్పుడు ఆ ఇళ్లలో ఉంటున్న పెద్దవాళ్లూ, దూరాన ఉన్న వాళ్ల పిల్లలూ ఈ సంక్రాంతికి కలిసినప్పుడు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అమ్మాలా, ఉంచాలా అన్న మాట ఎలాగూ వస్తుంది. దాంతోపాటు, ‘ఓ గది తెరిచి చూద్దామా’ అన్న మాట కూడా వస్తే... అంతకన్నా కావాల్సిందేముంది!